చెరువులోని చేప ఎవరిది?

ధ్యానమునకు: యోనా 4వ అధ్యాయము, నిర్గమకాండము 23:10, 11, ద్వితీయోపదేశకాండము 22:6-8



మన సంఘమునకు చెందిన ఒక యౌవనస్థుడు సింగపూరులో ఓడలు బాగుచేయు చోట పని చేయుచున్నాడు. క్రిందటి క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు తన ఫోనులో ఒక చిత్రమును మాకు చూపించెను. తెల్లవారుచున్న వేళ. ఎత్తైన మేడల నడుమ వెడల్పైన రోడ్డు. మోటారు బండ్లన్నియు నిలిచిపోయి యున్నవి. వాటి ముందు, తడిసిన ఒళ్లతో, పొట్టి కాళ్లతో, ఒకదాని వెనుక ఒకటిగా ఎనిమిదో తొమ్మిదో జంతువులు రోడ్డు దాటుచున్నవి.

“ఏమిటి బాబూ ఇవి, ముంగిసలా?” అని అడిగితిమి.

“కాదండి అయ్యగారూ, నీటికుక్కలండి. మన కోరింగ మడలో ఉంటాయే, అవేనండి. అక్కడ వాటికోసం పోలీసులు కూడా బండ్లు ఆపుతారండి” అని అతడు నవ్వుచు చెప్పెను.

ప్రక్కనే అతని చిన్నాన్న నిలిచి యున్నాడు. ఆయన చేపలు పట్టి జీవించు సహోదరుడు. ఆయన నవ్వలేదు. “ఆటికోసం బండ్లాపుతారా? మొన్న నా వల పీలికలు చేసి పోయినాయండి. నాకోసం ఎవరాగేరండి?” అనెను.

ఈ రెండు మాటలు అప్పటినుండి మా మనస్సును విడువలేదు. ఒకడు సంతోషముతో చెప్పిన మాట, ఒకడు నొప్పితో చెప్పిన మాట. రెండును సత్యములే. గనుక ఈ నెల ఈ సంగతినే మనము ధ్యానించుదము. మనకు లాభము లేని జీవికి, కొన్నిసార్లు నష్టమే కలుగజేయు జీవికి, మన మధ్య చోటు ఇయ్యవలసిన బాధ్యత మనకు కలదా? కలదనిన యెడల దాని ఖర్చు ఎవరు భరించవలెను?

మొదట జరిగిన సంగతి తెలిసికొందము.

నీటికుక్క కుక్క కాదు. ముంగిసవలె పొడుగుపాటి ఒళ్లు, వ్రేళ్ల మధ్య బాతుకున్నట్టు పొర, ఈదుటకు అనువైన బలమైన తోక, నీరు లోనికి దిగనియ్యని దట్టమైన బొచ్చు గలది. సింగపూరు నగరములో నున్నవియు మన గోదావరి ముఖద్వారము వద్ద కోరింగ మడ అడవులలో నున్నవియు ఒకే జాతివి. నున్నని బొచ్చు గల నీటికుక్క అని దానికి పేరు. బాగుగా ఎదిగినది పది కిలోల వరకు తూగును. దినమునకు ఇంచుమించు ఒక కిలో చేప తినును. ఇవి ఒంటరిగా బ్రదుకవు. తల్లి, తండ్రి, ముందటి కాన్పుల పిల్లలు, క్రొత్త పిల్లలు అందరును కలిసి ఒక కుటుంబముగా తిరుగుదురు. పుట్టినప్పుడు పిల్లలకు కండ్లు తెరిచి యుండవు. అన్నలు అక్కలు కూడ వాటిని కనిపెట్టి చూచుకొందురు. నీటిలోనికి దింపి ఈత నేర్పుదురు. “తిరుగుదురు, నేర్పుదురు” అని మనుష్యులకు వ్రాసినట్లు వ్రాసితిమి. ఆ కుటుంబములను గూర్చి విన్న తరువాత కలము అట్లే పోవుచున్నది, క్షమించుడి.

ఆసియా ఖండములో ఒకప్పుడు విస్తారముగా నుండిన ఈ జంతువు ఇప్పుడు తగ్గిపోవుచున్నది. దాని బొచ్చు కొరకు వేటాడిరి. మడుగులు పూడ్చిరి. నదులలో విషము కలిపిరి. పిల్లలను పట్టి పెంపుడు జంతువులుగా అమ్మిరి. 2019వ సంవత్సరములో దేశములన్నియు కూడిన సభలో, అంతర్జాతీయ వ్యాపారము నుండి అత్యంత కఠినముగా కాపాడవలసిన జంతువుల పట్టీలో దీనిని చేర్చిరి.

సింగపూరు చిన్న ద్వీప దేశము. ఇంచుమించు 730 చదరపు కిలోమీటర్ల నేలమీద దాదాపు 60 లక్షల మంది కాపురముందురు. అట్టి చోట అడవి జంతువునకు తావెక్కడిది? నిజమే, 1970ల నాటికి అక్కడ నీటికుక్కలు కనబడుట మానినవి. ఆ దినములలో సింగపూరు నది, కల్లాంగు నది మురుగు కాలువలుగా నుండెను. పందుల దొడ్ల మురికి, బాతుల దొడ్ల మురికి, వీధి అంగళ్ల చెత్త, మరుగుదొడ్లు లేని గుడిసెల మలినము, పడవల నూనె అంతయు అందులోనికే పోవుచుండెను. 1977లో ప్రధానమంత్రి లీ క్వాన్ యూ పదియేండ్లలో ఆ నదులను శుభ్రము చేయవలెనని ఆజ్ఞాపించెను. 1987 నాటికి ఆ పని నెరవేరెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఆ పని నీటికుక్కల కొరకు చేసినది కాదు. మనుష్యుల ఆరోగ్యము కొరకు, త్రాగు నీటి కొరకు, నగరపు మర్యాద కొరకు చేసినది. అయినను నీరు శుభ్రపడగా చేపలు వచ్చెను. చేపలు రాగా చేపలు తినునవియు వచ్చెను. 1998లో ఉత్తర తీరమున సుంగై బులో అను మడ భూమిలో ఒక నీటికుక్కల జంట కనబడి అక్కడనే పిల్లలు పెట్టెను. మలేషియా వైపు నుండి జలసంధి ఈది వచ్చియుండునని తలంచుచున్నారు. తరువాత బిషాన్ అను చోట కాంక్రీటు కాలువలో బంధింపబడిన కల్లాంగు నదిని విడిపించి, మరల ఒడ్డులు, గడ్డి, రాళ్లు, వంపులు గల నదిగా 2012 నాటికి మార్చిరి. 2.7 కిలోమీటర్ల తిన్నని కాలువ 3.2 కిలోమీటర్ల వంకర నది ఆయెను. వాన గట్టిగా కురిసినప్పుడు నది ప్రక్క నున్న తోటలోనికి పొర్లును. వాన వెలిసిన పిమ్మట మరల తన చోటికి పోవును. తరువాత కొద్ది యేండ్లలోనే ఒక నీటికుక్కల కుటుంబము అక్కడ కాపురము పెట్టెను. బిషాన్ కుటుంబమని ఊరివారు దానికి పేరు పెట్టిరి. 2017లో లెక్కించినప్పుడు ఆ దేశమంతటను 11 కుటుంబములలో 79 కనబడెను. 2021 నాటికి ఆ లెక్క దాదాపు 170 అయినదని చెప్పిరి.

పిలువని అతిథులు. కోరని దీవెన. ఎవని మేలుకొరకో త్రవ్విన బావివద్ద మరియొకడు దాహము తీర్చుకొనినట్లు, మనుష్యులు తమ కొరకు నది కడిగికొనగా దేవుని జీవులు కూడ బ్రదికినవి. ఇది ధ్యానింపదగిన మొదటి పాఠము. మనము ఇరుగుపొరుగు ఆరోగ్యము కొరకు చేయు మంచిపని మనము తలంచిన చోటనే ఆగదు.

అయితే కథ ఇక్కడ ముగిసియుండిన యెడల దీనిని వ్రాయవలసిన పని లేకపోయెడిది. అతిథి వచ్చినప్పుడు భోజనము అడుగును గదా!

ఆ నగరములో ధనవంతులు తమ తోటలలో చిన్న చెరువులు కట్టించి రంగు రంగుల కోయి చేపలను పెంచుదురు. అవి మిక్కిలి వెలగలవి. కొన్ని ఇండ్లలో పదియేండ్లనుండి పెరిగి, పేరు పెట్టి పిలిచిన చేపలు. 2020లో కొరోనా రోగము వలన జనులందరు ఇండ్లలో కూర్చుండగా నీటికుక్కలు ఖాళీ వీధులలో తిరిగి తోటలలోనికి దూరి ఆ చేపలను తినివేసెను. తెల్లవారి లేచి చూచినవారికి చెరువులో తలలును పొలుసులును మాత్రమే మిగిలెను. అప్పుడు పత్రికలకు ఉత్తరములు వచ్చెను. కొందరు వీటిని నగరము నుండి తొలగింపుడనిరి. మరికొందరు, వాటి చోటను మనమాక్రమించితిమి గాని మన చోటను అవి ఆక్రమింపలేదనిరి. ఆ దేశపు అప్పటి ప్రధానమంత్రి లీ సీన్ లూంగ్ కూడ, వాటితో కలిసి బ్రదుకుట నేర్చుకొనవలెనను భావముతో వ్రాసెను.

ప్రియులారా, ఈ వాదములో ఎవరి పక్షమున మీరుందురు? వెంటనే జవాబు చెప్పకుడి. తన చేపను పోగొట్టుకొనినవాడు దుర్మార్గుడు కాడు. అతడు ప్రేమించినది చచ్చిపోయినది. “ధనవంతుడు గదా, పోనిమ్ము” అని మనము తేలికగా అనుట న్యాయము కాదు. దుఃఖమునకు ధనము అడ్డము కాదు.

అయినను నీటికుక్క దొంగయా? దొంగతనమనగా ఇది నీది, నాది కాదని తెలిసియు తీసికొనుట. నీటికుక్కకు ఆ ఆజ్ఞ ఇయ్యబడలేదు. సీనాయి కొండయొద్ద అది నిలువలేదు. నీరున్న చోట చేప, చేపయున్న చోట ఆకలి తీరుట, ఇదే దానికి తెలిసిన ధర్మశాస్త్రము. ఎర్రచేప వెల వేయి డాలర్లని దానికి ఎవరు చెప్పిరి? కావున దానిమీద కోపపడి శిక్షించుట, గాలి చూరు లేపినదని గాలిని కొట్టుట వంటిది. తప్పునకు చోటున్న యెడల అది తెలివి గల మనయందే యుండవలెను.

ఈ విషయమై లేఖనములు మనకేమి నేర్పుచున్నవో చూతము.

మొదటిది, మన స్వాస్థ్యము పూర్తిగా మనది కాదు. నిర్గమకాండము 23వ అధ్యాయములో ఏడవ సంవత్సరపు నియమము గలదు. ఆరేండ్లు పొలము విత్తి కోసికొనవచ్చును. ఏడవ యేట దానిని విడువవలెను. ఆ యేట మొలచినది మొదట బీదలు తినవలెను. వారు మిగిల్చినది అడవి మృగములు తినవలెను. ఎంత ఆశ్చర్యమో చూడుడి! పొలము ఇశ్రాయేలీయునిది. పత్రము అతని పేరనే యున్నది. గట్టు అతనిదే. అయినను ఆ పొలములో నక్కకును లేడికిని ఒక వంతు కలదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. అదియు బీదల వంతు తరువాతనే. ఈ వరుసను మరువకుడి. దీనినిగూర్చి మరల చెప్పుదుము.

రెండవది, కట్టువాడు ముందుగా ఆలోచింపవలెను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షి గూటినిగూర్చిన మాటయు, క్రొత్త ఇంటినిగూర్చిన మాటయు ప్రక్కప్రక్కనే యున్నవి. త్రోవలో గూడు కనబడిన యెడల పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనరాదు, తల్లిని పోనియ్యవలెను. క్రొత్త ఇల్లు కట్టిన యెడల మేడమీద పిట్టగోడ కట్టవలెను, లేనియెడల ఎవడైన పడినప్పుడు ఆ దోషము ఇంటిమీదికి వచ్చును. ఈ రెండు మాటలు ఒకదానిప్రక్క నొకటి యుండుట మాకు మిక్కిలి అర్థవంతముగా తోచుచున్నది. ఒకటి, బలవంతుడు తన బలమునకు హద్దు పెట్టుకొనుట. మరియొకటి, ఆపద రాకముందే గోడ పెట్టుట.

సింగపూరు వారు చేయుచున్నది చాలవరకు ఈ పిట్టగోడ పనియే. గేటు క్రింద సందులు మూయుడి, చెరువుమీద వల పరచుడి, కంచె దగ్గరగా అల్లుడి అని అధికారులు ఇంటింటికి చెప్పుచున్నారు. అధికారులును జంతు ప్రేమికులును కలిసి నీటికుక్కల పనికొరకు 2016లో ఒక కూటమిగా ఏర్పడిరి. ఏ కుటుంబము ఏ వంతెన క్రింద నున్నదో వారు వ్రాసికొందురు. దారి తప్పిన పిల్లను తల్లియొద్దకు చేర్చుదురు. గాయపడిన దానిని వైద్యునియొద్దకు తీసికొనిపోవుదురు. అడవి జంతువులకు ఆహారము పెట్టరాదని, చంపరాదని 2020లో చట్టమును గట్టి చేసిరి. 2022లో అధ్యక్షుని భవనము ఎదుట పోలీసులు బండ్లు ఆపి ఒక కుటుంబమును రోడ్డు దాటించిరి. మన యౌవనస్థుడు చెప్పిన మాట అబద్ధము కాదు.

ఆహారము పెట్టరాదను చట్టము వినుటకు కఠినముగా నుండును. ఆకలిగొన్నదానికి పెట్టుట ధర్మము గదా అని మన పెద్దమ్మలు అడుగుదురు. కాని చేతినుండి తినుట నేర్చిన అడవి జంతువు మనుష్యునికి భయపడుట మానును. భయము మానినది దగ్గరకు వచ్చును. దగ్గరకు వచ్చినది ఒకనాడు కరచును. కరచిన తరువాత, నిన్న దానికి పెట్టిన చేయియే నేడు దానిని చంపుమని అడుగును. గనుక మన దయ దాని చావునకు కారణము కాకుండునట్లు చూచుకొనవలెను. ప్రేమకు కూడ దూరము అవసరమని తలిదండ్రులైన మీకు మేము చెప్పనక్కరలేదు.

మూడవది, ప్రేమ వేరు, ముచ్చట వేరు. 2016లో ఆ దేశపు జన్మదిన పండుగకు గుర్తుగా బిషాన్ నీటికుక్కల కుటుంబమును ఒక పత్రిక చదువరులు ఎన్నుకొనిరి. అది ముచ్చట. 2021 నవంబరులో తెల్లవారుజామున బొటానికల్ తోటలో నడుచుచున్న ఒక పెద్దమనిషి మీద నీటికుక్కల గుంపు పడి ఇరువదికి పైగా చోట్ల కరచెను. చీకటిలో పరుగెత్తుచు వచ్చిన మరియొకడు వాటిని త్రొక్కగా అవి బెదరి ఈయనమీద పడెనని చెప్పిరి. ఆ దినమున ముచ్చట తీరిపోయెను. ముచ్చట మాత్రమే కలిగినవాడు ఆ దినముననే వాటిని విడిచిపెట్టును. ప్రేమ కలిగినవాడు గాయపడినవానికి కట్టు కట్టి, తరువాత తోటలో దీపములు, హెచ్చరిక పలకలు పెట్టవలెనా, పిల్లలున్న వేళ దారి మార్చవలెనా అని ఆలోచించును.

ఈ మాట మనకును వర్తించును. నీటికుక్క గుండ్రని ముఖము చూచి మురిసిపోవువారు గబ్బిలము కొరకు, జెర్రిపోతు కొరకు, బురదలోని పేరులేని పురుగు కొరకు ఒక ఉత్తరమైనను వ్రాయుదురా? దేవుడు యోబుతో మాటలాడినప్పుడు మనుష్యుడు ముద్దుచేయు జంతువులనుగూర్చి మాత్రమే మాటలాడలేదు. తన గుడ్లను నేలమీద మరచిపోవు నిప్పుకోడినిగూర్చి, రక్తము త్రాగు పక్షిరాజు పిల్లలనుగూర్చి, మనుష్యునికి ఎన్నడును లోబడని వాటినిగూర్చి మాటలాడెను. మనకు అందముగా కనబడుటచేత అవి ఆయనవి కాలేదు. ఆయనవి గనుకనే వాటికి వెల కలిగినది.

ఇప్పుడు మన సహోదరుని యొద్దకు మరల వత్తము. “నాకోసం ఎవరాగేరండి?” అని ఆయన అడిగిన ప్రశ్న ఇంకను అక్కడనే నిలిచియున్నది.

సింగపూరు తోటలోని చేపకును కోరింగ కాలువలోని చేపకును భేదము గలదు. అక్కడ పోయినది ఒకని సంతోషము. ఇక్కడ పోవునది ఒకని అన్నము. వల చినిగిన దినమున ఆయన ఇంట కుండ పొయ్యిమీదికి ఎక్కలేదు. కోరింగ అడవిని 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. 1972 నాటి చట్టము నీటికుక్కను కాపాడుచున్నది. అది మంచిదే. కాని చట్టము వలకు అతుకు వేయదు. పట్టణములో కూర్చుండి చిత్రములు చూచి, ఎంత ముద్దుగా నున్నవని సంతోషించువారు, వాటి తిండి ఖర్చు మాత్రము బీద బెస్తవాని మీద వేసిన యెడల అదేమి ధర్మము? నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథ జ్ఞాపకము చేసికొనుడి. అతిథి వచ్చెను, విందు చేయవలెను. ధనవంతుడు తన మందను ముట్టక బీదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను తెచ్చి వండించెను. అతిథికి పెట్టుట మంచిపనియే. ఎవరి దొడ్డిలోనుండి తెచ్చి పెట్టితిమన్నదే ప్రశ్న.

సింగపూరు కథలో కూడ ఇట్టి మరుగైన పేజీ ఒకటి కలదు. నదులు శుభ్రము చేయునప్పుడు పందులు, బాతులు పెంచుకొనువారు తమ దొడ్లు విడువవలసి వచ్చెను. నది ఒడ్డున అంగళ్లు పెట్టుకొనువారు లేచిపోవలసి వచ్చెను. గుడిసెలవారికి ప్రభుత్వము క్రొత్త ఇండ్లు ఇచ్చెను, అది మెచ్చుకొనదగినది. కాని తరతరముల వృత్తి విడిచిన ముసలివాని మనస్సునకు ఏ ఇల్లును సరిపోదు. నేడు ఆ నదిలో ఆడుకొను నీటికుక్కలను చూచి చప్పట్లు కొట్టువారు ఆ ముసలివారిని కూడ తలంచుకొనుట న్యాయము.

కావున నిర్గమకాండపు వరుసను మరల చెప్పుచున్నాము. మొదట బీదలు, తరువాత అడవి మృగములు. దీని అర్థము బీదవాడు మృగమును చంపవచ్చునని కాదు. పొలము గలవాడు ఇద్దరికిని విడువవలెనని అర్థము. బీదవానిని, మృగమును ఒకే గింజ కొరకు పోరాడనిచ్చి, తాను గట్టుమీద కూర్చుండి తీర్పు తీర్చువాడే ఈ ఆజ్ఞను మీరువాడు. బంగ్లాదేశములో కొందరు బెస్తలు తరతరములుగా నీటికుక్కలను మచ్చిక చేసి, వాటిచేత చేపలను వలలోనికి తోలించుకొని బ్రదుకుచున్నారు. బెస్తవానికిని నీటికుక్కకును పుట్టుకతో వచ్చిన పగ లేదని దీనివలన తెలియుచున్నది. కాలువలో చేప విస్తారముగా నున్నప్పుడు ఇద్దరికిని చాలును. చేప తగ్గినప్పుడే తగవు. మరి చేపను తగ్గించినది ఎవరు? మడను నరికినవారెవరు? రొయ్యల చెరువుల మందు నీళ్లు, పట్టణపు మురుగు కాలువలోనికి వదలినవారెవరు? వల చింపినది నీటికుక్క పండ్లే కావచ్చును. కాని దానిని ఆ వలయొద్దకు తోలిన చేతులు అనేకములు. అందులో మన చేతులు కూడ ఉన్నవేమో!

మేము ఈ మాటలు ఆ సహోదరునితో కూర్చుండి మాటలాడితిమి. ఆయన అంతయు విని, “మాట బాగానే ఉందండి అయ్యగారూ. వల మాత్రం చినిగే ఉందండి” అనెను. మాకు సిగ్గు కలిగెను. ఆ శనివారము సాయంకాలము యౌవనస్థుల కూటమి వారు గుడి వరండాలో ఆయనతో కూర్చుండి వల అల్లిరి. కొందరికి ముడి వేయుట రాక ఆయనయే నేర్పెను. దారము ఖర్చు కోత పండుగ కానుకలలోనుండి ఇచ్చితిమి. ఇది గొప్ప కార్యమని చెప్పుట లేదు. మరుసటి నెల ఆ వల మరల చినుగవచ్చును. అయితే ఆ రాత్రి ఇంటికి పోవుచు ఆయన ఒక మాట చెప్పెను. తన చిన్నతనమున తండ్రితో పడవమీద పోవునప్పుడు నీటికుక్కలు ఒడ్డున పిల్లలను ఆడించుచుండగా తండ్రి తెడ్డు ఆపి చూచెడివాడట. “అప్పుడు చేపలు ఎక్కువండి. అందుకే మా నాయన ఆగి చూసేవాడండి” అనెను.

ఇందులో గొప్ప వేదాంతము కలదు. నిండిన చేతితో నున్నవాడు ఆగి చూడగలడు. ఖాళీ చేతితో నున్నవానిని ఆగి చూడుమని చెప్పుటకు మనకు హక్కు లేదు, మొదట ఆ చేతిని నింపని యెడల.

యోనా ప్రవక్త నీనెవె పట్టణమునకు తూర్పున కూర్చుండి, సొరచెట్టు వాడిపోయెనని కోపపడెను. తనకు నీడనిచ్చినది గనుక దానికొరకు విచారపడెను. అప్పుడు దేవుడు అతనిని ఒక ప్రశ్న అడిగెను. ఆ ప్రశ్నతోనే ఆ గ్రంథము ముగియుచున్నది, జవాబు వ్రాయబడలేదు. ఆ ప్రశ్నలో దేవుడు ఆ మహా పట్టణములోని లక్షా ఇరువది వేలకు మించిన జనులను లెక్కించెను. అంతటితో ఆపక, అక్కడి పశువులను కూడ లెక్కించెను. పట్టణమును చూచినప్పుడు మనకు గోడలు, మేడలు, అంగళ్లు కనబడును. దేవునికి మనుష్యులతోకూడ జంతువులును కనబడును. ఆయన కనికరపు పట్టీలో ఇద్దరి పేర్లును ఒకే మాటలో నున్నవి. ఒకరిని కొట్టివేసి మరియొకరిని వ్రాయలేదు.

మన గ్రామములును పట్టణములగుచున్నవి. చెరువు గట్టుమీద ఇండ్లు లేచుచున్నవి. కాలువలకు సిమెంటు పూయుచున్నారు. మన పిల్లల కాలమునకు ఈ డెల్టా ఎట్లుండునో దేవునికే తెలియును. అంత ఇరుకు నగరములో చోటు దొరికిన జీవికి, ఇంత విశాలమైన మన గోదావరి తీరమున చోటు లేకపోయిన యెడల, మనము దేవునికి ఏమి జవాబు చెప్పుదుము? అట్లే దానికి చోటిచ్చి, మన చేపలు పట్టు సహోదరునికి చోటు లేకుండ చేసిన యెడల, ఏమి జవాబు చెప్పుదుము?

గనుక ఈ నెలలో మూడు సంగతులు మీ ఇంటి ప్రార్థనలో తలంచుకొనుడి. మన ఇంటి మురుగు ఏ కాలువలోనికి పోవుచున్నది? మన పొలములో, మన దొడ్డిలో, మన చెరువులో బీదవానికిని మూగజీవికిని మనము విడిచిన వంతు ఏది? మనము మెచ్చుకొనుచున్న మంచిపని ఖర్చు మనకు తెలియక ఎవరు చెల్లించుచున్నారు?

ఆ యౌవనస్థుడు సెలవు ముగిసి మరల సింగపూరు పోయెను. మొన్న ఉత్తరమునకు బదులు ఫోనులో ఒక చిత్రము పంపెను. ఈసారి నీటికుక్కలు లేవు. వంతెన క్రింద నది మాత్రమే కలదు, తేటగా. అది చూచి అతని చిన్నాన్న, “నీళ్లు బాగున్నాయండి” అని, చాలసేపు ఫోను చేతిలో పట్టుకొని చూచెను.